మూరన్నర ఎడమకు

1997 సెప్టెంబర్ 3, బుధవారం. మధ్యాహ్నం రెండుంబావు. మా లారీ నాగలాపురం దాటి, సత్యవేడు పోయే దారిలో ఎడమకు తిరిగి, మూతపడిన రాతి క్వారీ ముందు ఆగింది. ఎండ మండుతోంది. గాలి లేదు. దిగిన పందొమ్మిది మందిమీ ఆడవాళ్ళమే. ఒక్కడే మగ మనిషి, ప్లాటూన్ కమాండర్.

ఆడ పోలీసుల దళాన్ని అక్కడికి ఎందుకు పంపారో ముందు చెప్పాలి. కొండల్లోంచి ఎర్రచందనం దుంగలు మోసి రోడ్డుకు దింపే కూలీల్లో ఆడవాళ్ళు కూడా కలుస్తున్నారు. వాళ్ళను మగవాళ్ళు సోదా చెయ్యకూడదు. అందుకని మమ్మల్ని దించారు. క్వారీ ఆఫీసుకు రెండు గదులు, రేకుల కప్పు. మంచినీళ్ళు మైలు దూరాన. క్వారీ వెనక బోడి కొండ. దాని మీద ఏనుగు వీపంత బండ. బండ మీద పడుకుంటే కింద తమిళనాడు వైపు పోయే రోడ్డు, రోడ్డు మీద మెడలా వంగిన ఒక మెడమలుపు కనిపిస్తాయి. మలుపుకూ బండకూ మధ్య నూట ఎనభై మీటర్లు. టేపు పట్టి నేనే కొలిచాను.

నేను ఆ దళానికి ఆర్మరర్‌ని. తుపాకులు శుభ్రం చెయ్యడం, మరమ్మతు, తూటాల లెక్క నా పని. అప్పుడు నాకు నలభై ఒకటి. అంతకుముందు ఐదేళ్ళు వరసగా గురిలో మా దళంలో మొదటి స్థానం నాదే.

ఆ సాయంత్రం ఐదింటికి ఒక పొడుగు చెక్కపెట్టె తెరిచాం. లోపల ఒక రైఫిల్, దానికి బిగించే స్కోప్, అంటే గురి చూసే దుర్భిణీ. మా దళానికి స్కోప్ రావడం అదే మొదలు. దాన్ని పెట్టెలోంచి తీసి, మెత్తగుడ్డతో తుడిచి, స్క్రూ బిగించింది నేను. కమాండర్ నా చేతిలోంచి తీసుకొని పక్కనున్న అమ్మాయికి ఇచ్చాడు.

ఆమెది కార్వేటినగరం దగ్గర పల్లె. సేద్యం ఇల్లు. వయసు ఇరవై నాలుగు. దళంలో చేరి రెండేళ్ళయింది. ఆ రోజు నుంచి అందరూ ఆమెను షూటర్ అనే పిలిచారు.

"సార్, పోయినేడు ఫస్టు నాది" అన్నాను.

"పోయినేటి మాట గదమ్మా అది. ఇప్పుడు నువ్వు రేషను చీటీ సదవాలంటే సెయ్యి బారెడు సాపతాండావే" అన్నాడు కమాండర్.

అందరూ నవ్వారు. షూటర్ నవ్వలేదు. ఆమె స్కోప్‌లోంచి కొండకేసి చూస్తోంది. నాకు అది ఇంకా మంటగా అనిపించింది.

చత్వారం సంగతి నిజమే. కానీ మామూలు రైఫిల్‌తో గురి పెట్టాలంటే కంటి ముందున్న చిన్న రంధ్రం, గొట్టం చివరి ముల్లు, దూరాన గుర్తు, ఈ మూడూ ఒకే కన్ను చూడాలి. నలభై దాటిన కంటికి ముల్లు మసకబారుతుంది. స్కోప్‌లో ఆ బాధ లేదు. గీతలూ గుర్తూ ఒకే చోట స్పష్టంగా ఉంటాయి. ఆ పరికరం అవసరం దళంలో ఎవరికైనా ఉందంటే నాకే. ఆ పిల్లవి గద్ద కళ్ళు. ఉత్త ముల్లుతోనే పావుమైలు దూరాన తొండను చూడగలదు. అవసరం లేని మనిషికి ఇచ్చి, అవసరమున్న నన్ను ఆమెకు సేవ చెయ్యమన్నారు.

ఆ సేవ పేరు జీరోయింగ్. స్కోప్‌లో గీతలు కలిసే చోటూ తూటా తగిలే చోటూ ఒకటి కావాలి. కొత్తగా బిగించిన స్కోప్‌కు అవి ఒకటి కావు. నూరు మీటర్ల దూరాన కాగితం కట్టి, మూడు గుండ్లు ఒకే గురితో కాల్చాలి. ఆ మూడు రంధ్రాలను గ్రూప్ అంటారు. గ్రూప్ ఎంత చిన్నదైతే కాల్చిన మనిషి అంత నిలకడ. గ్రూప్ నల్లచుక్కకు ఎంత పక్కన పడిందో కొలిచి, స్కోప్ మీది మర తిప్పాలి. మా స్కోప్‌కు ఒక క్లిక్ తిప్పితే నూరు మీటర్ల దగ్గర సుమారు అంగుళం జరిగేది. గొట్టం చల్లారేదాకా ఆగి, మళ్ళీ మూడు.

క్వారీ గోడ మాకు అడ్డుగోడ. పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టి ఎనిమిదికి ఆపేవాళ్ళం. ఆ తర్వాత బండ వేడెక్కి గాలి అల్లాడుతుంది, చుక్క కదిలినట్టు కనిపిస్తుంది.

రైఫిల్‌ను దేని మీద ఆన్చాలన్నది రెండో సమస్య. ఉత్త రాతి మీద పెడితే పేలగానే ఎగురుతుంది, తూటా పైకి పోతుంది. గొట్టాన్ని ఆన్చకూడదు, దాని కింది కర్రభాగాన్నే ఆన్చాలి. రూలు ప్రకారం ఇసుకమూట. అరుణానది ఇసుక తెప్పించి మూట కుట్టాను. క్వారీలో బాగానే ఉంది. కొండ మీది బండకు తీసుకుపోతే తెల్లవారుజాము మంచుకు తడిసి ఇటుకలా గట్టిపడింది. వేరుశనగ పొట్టు నింపి చూశాను. తేలిక. ప్రతి గుండుకూ మూట పక్కకు జారింది. వంటామెను అడిగి రాగులు తెచ్చాను.

"ఏమక్కా, తుపాకికి గూడా సంగటి పెడతావా?" అంది వంటామె.

రాగులు బాగా కుదిరాయి. మూడో రోజుకు ఎలుకలు మూట కొరికాయి. చివరికి పాత ఖాకీ ప్యాంటు కాలు కోసి, మూడింట రెండు వంతులు ఇసుక పోసి, మంచు తగలకుండా రెగ్జిన్ గుడ్డ చుట్టాను. నిండా పొయ్యలేదు. కాస్త వదులుంటే రైఫిల్ తన పడక తానే చేసుకుంటుంది. దానికి నేను వారం రోజులు తంటాలు పడ్డాను.

షూటర్ దాని మీద రెండు పొద్దులు కాల్చింది. మూడో పొద్దున లేచి పోయి, తన పెట్టెలోంచి చుట్టకుదురు తెచ్చింది. నీళ్ళబిందె నెత్తిన పెట్టుకునే ముందు పాతచీర మెలేసి చుట్టి పెట్టుకుంటారే, అది. బండ మీద పెట్టి, దాని నడుమ రైఫిల్ కర్రను ఆన్చింది.

"రూల్సులో సుట్టకుదురు యాడుండాది?" అన్నాను.

"రూల్సు రాసినోళ్ళు బిందె మోసింటే రాసిందురు అక్కా" అంది.

అందరికన్నా గట్టిగా నవ్వింది వైర్‌లెస్ ఆపరేటర్. ఆమెది సత్యవేడు. సగం తెలుగు, సగం తమిళం. దళంలో నాకు దగ్గరి మనిషి ఆమే.

చుట్టకుదురు మీద షూటర్ గ్రూప్ మూడు వేళ్ళ వెడల్పు నుంచి రెండు వేళ్ళకు దిగింది. మర్నాడు నేనూ దాని మీద మూడు గుండ్లు కాల్చి చూశాను. నాకు మూడు వేళ్ళే వచ్చింది. పైగా నా గ్రూప్ ఆమెదానికి రెండంగుళాలు కుడిగా పడింది. రైఫిల్ మీద చెంప ఆన్చే చోటు మనిషికీ మనిషికీ వేరు, అందుకని ఒకరి జీరో ఇంకొకరికి పనికిరాదు. నేను తుడిచి, నూనె పెట్టి, బిగించిన రైఫిల్ ఇక ఆమె కంటికే సరిపోతుంది. చుట్టకుదురు ఆమె నెత్తికి అలవాటైనది, అందుకే ఆమెకు కుదిరిందని సరిపెట్టుకున్నాను.

ఆ నెలంతా నా నోరు ఊరుకోలేదు. చెంపకు రాసుకున్న కొబ్బరినూనె అద్దానికి అంటుతోందన్నాను. అడక్కుండా మర తిప్పిందన్నాను. ఒక గుండు ఎక్కువ కాల్చిందన్నాను. అన్నవన్నీ నిజాలే. ప్రతిదీ కమాండర్‌కు చెప్పాను.

"నువ్వా తుపాకిని సూసే సూపు ఎట్లుండాదంటే, మొగుడు పక్కింట్లో ఉన్నట్టుండాదక్కా" అంది ఆపరేటర్ ఒకరోజు, గుగ్గిళ్ళు తింటూ.

"నోరు మూసుకో."

"సరి సరి. మూసుకున్నా. నువ్వు గూడా కొంచెం మూసుకో."

అక్టోబర్‌లో ఆయుధపూజ వచ్చింది. తుపాకి పట్టినవాళ్ళం ఎక్కడున్నా ఆ పూజ మానం. పొద్దున తొమ్మిదింటికి జంపఖానా పరిచి, రైఫిళ్ళన్నీ కడిగి తుడిచి వరసగా పెట్టాం. గంధం, కుంకుమ, బంతిపూలు, నిమ్మకాయలు. కొట్టడానికి ఒక బూడిద గుమ్మడికాయ. కమాండర్ పంచె కట్టుకొని కూర్చున్నాడు.

"ఆ దుర్భిణీ కొత్తది. ఇప్పి ఇత్తడి తట్టలో పెట్టండి. దానికి యేరే పూజ సేద్దాం" అన్నాడు.

"సార్, ఇప్పితే జీరో పోతుంది" అన్నాను.

"సామి ముందర గూడా నీ జీరోనేనా?"

"ఇప్పితే మళ్ళీ మూడు గుండ్లు కాల్సి సూడాల సార్."

ఆయన నన్ను చూసి, తర్వాత అందరినీ చూశాడు. "ఈ నెల దినాల్లో ఆ పిల్ల సేసిందాంట్లో నీకు నచ్చింది ఒక్కటన్నా ఉండాదా?"

షూటర్ స్కోప్‌ను విప్పింది. తట్టలో పెట్టి తానే గంధం రాసింది. అద్దానికి తగలకుండా ఎంతో భక్తిగా, పాపకు బొట్టు పెట్టినట్టు రాసింది. స్కోప్‌కు రెండు పాదాలుంటాయి. అవి రైఫిల్ ఎడమవైపు గాడుల్లో కూర్చుంటాయి. ఆ పాదాలకు కూడా గంధం పెట్టింది. హారతి అయ్యాక గుడ్డతో తుడిచి, తానే బిగించింది.

"నేనే బిగిస్తా" అని చెయ్యి చాపాను.

"వద్దక్కా. స్క్రూ మీద మేకుతో గీత పెట్టుకోనుండా. గీతకు గీత కలిసింది. సూడు."

గీతకు గీత కలిసిన మాట నిజమే.

మధ్యాహ్నం మూడింటికి సమాచారం వచ్చింది. మర్నాడు తెల్లవారి ఒక లారీ ఆ దారిన పోతుంది, ఆపితే ఆగదు. కమాండర్ ఆర్డర్ చెప్పాడు. రోడ్డుకు వెదురు అడ్డకర్ర. దాని దగ్గర ఎర్రజెండాతో, సెట్‌తో ఆపరేటర్. మిగతావాళ్ళు రోడ్డు పక్క కాలవలో. బండ మీద షూటర్, పక్కన బైనాక్యులర్స్‌తో నేను. లోడు లారీ మెడమలుపులో మొదటి గేరుకు దిగి నడిచినట్టు వస్తుంది. ముందు టైరు అక్కడే కొట్టాలి. లారీ అడ్డకర్ర దాకా రాదు.

"సార్, మూడే గుండ్లు. క్వారీలో కాల్సి సూస్తాం" అన్నాను.

"ఈ పొద్దు కొండలో తుపాకి మోగితే రేపు లారీ వొస్తాదా? నీ కడుపుమంటకు నేను కేసు పోగొట్టుకోవాల్నా?"

కాల్చవద్దన్నందుకు ఆయన కారణం ఆయనకుంది. ఆపరేటర్ దగ్గరకు పోయాను. ఆమె సెట్‌కు బ్యాటరీ మారుస్తోంది.

"జీరో పోయింటాది. నువ్వు అడ్డకర్ర కాడ నిలబడొద్దు. పక్కన కాలవలో ఉండు" అన్నాను.

ఆమె నవ్వలేదు. "అక్కా, నువ్వు సెప్పేది నిజమే కావొచ్చు. కానీ నెల దినాలుగా ఆ పిల్లను ఏదో ఒకటి అంటానే ఉండావు. దీన్ని దేంట్లో కలపాల? నాకు తెలీలా." బ్యాటరీ మూత బిగించింది. "ఆ పిల్ల కొడతాది. నేను సూసినా గదా."

మర్నాడు ఐదింటికి బండ ఎక్కాం. మంచు కురిసి రాయి చెమ్మగా ఉంది. షూటర్ చుట్టకుదురు పెట్టి, పడుకొని, ఊపిరి సర్దుకుంది. ఆరు దాటి ఐదు నిమిషాలకు నా పక్కనున్న సెట్ పలికింది.

"కొండ, కొండ, ఇది రోడ్డు. మోటారు సప్పుడు ఇనపడతాండాది. లైట్లు లేవు."

"రోడ్డు, ఇది కొండ. కనపడింది" అన్నాను.

నీలం లారీ, పైన టార్పాలిన్. మలుపులో గేరు మార్చి నెమ్మదించింది. షూటర్ కాల్చింది. ముందు టైరుకు మూరన్నర ఎడమగా రోడ్డు మీద దుమ్ము లేచింది. బైనాక్యులర్స్‌లో స్పష్టంగా కనిపించింది.

"మూరన్నర ఎడమకు పోయింది. కుడికి పట్టు. కుడికి మూరన్నర!" అని అరిచాను.

ఆమె బోల్టు లాగి, మళ్ళీ పెట్టి, రెండో గుండు కాల్చింది. మళ్ళీ టైరుకు అంతే ఎడమగా దుమ్ము లేచింది. గురి వెంట్రుకవాసి కూడా మార్చలేదు.

"కుడికి పట్టమంటినే!"

మూడో గుండుకు లారీ మలుపు దాటి చెట్ల మాటుకు పోయింది.

"కొండ, బండి నిలబడలా. కొండ..." అంది సెట్. తర్వాత వెదురు విరిగిన చప్పుడు సెట్‌లోనూ, కింద రోడ్డు మీదా ఒకేసారి వినిపించింది.

మేం దిగేసరికి కాలవలోని వాళ్ళు ఆపరేటర్‌ను రోడ్డు పక్కకు తెచ్చారు. విరిగిన అడ్డకర్ర ఆమెను పడగొట్టింది. వెనక చక్రం కుడికాలు మీదుగా పోయింది. స్పృహ ఉంది. నన్ను చూసి, "అక్కా, సెట్టు పగల్లేదు గదా?" అని అడిగింది. జీపులో తిరుపతికి తీసుకుపోయాం. దారంతా ఆమె తల నా ఒళ్ళోనే ఉంది. పెద్దాసుపత్రిలో మోకాలి కింద నుంచి తీసేశారు.

మూడో రోజు చిత్తూరు నుంచి విచారణకు ఒక అధికారి వచ్చాడు. అందరి ముందూ షూటర్‌ను ఒకటే ప్రశ్న అడిగాడు.

"మొదటి గుండు ఎడమకు పోయిందని పక్కనుండే ఆమె చెప్పింది కదా. ఎందుకు మార్చలేదు?"

షూటర్ నా వైపు తిరిగింది. రెండు రాత్రులు ఏడ్చి ముఖమంతా ఉబ్బి ఉంది. "నువ్వు నాతో కావాలనే తప్పు కొట్టిస్తాండావు అనుకొన్నా అక్కా" అంది.

కోపంగా అనలేదు. ఉన్న మాట చెప్పింది.

అధికారి రైఫిల్‌ను పరీక్షించమన్నాడు. నేను బిగించకూడదు, ఎవరూ ముట్టుకోకూడదు, సంఘటన రోజు ఎట్లుందో అట్లే కాల్చాలి. కాల్చేది కూడా ఆమే. చుట్టకుదురు ఒప్పుకోనన్నాడు. రూలు ప్రకారం ఇసుకమూటే. నేను కుట్టిన ప్యాంటు కాలు మూట పెట్టారు. పొద్దున ఏడు గంటలు. క్వారీ గోడ. నూరు మీటర్లు. తిండి తిని రెండు రోజులైన మనిషి, ఎవరివైపూ చూడకుండా పడుకొని, మూడు గుండ్లు కాల్చింది.

కొలిచేది నేనే కాబట్టి టేపు తీసుకొని నేనే నడిచాను. నల్లచుక్క ఖాళీగా ఉంది. పద్నాలుగు అంగుళాలు ఎడమగా, కాగితం అంచున తూటాలు పడ్డాయి. ముందు ఒకటే రంధ్రం అనుకున్నాను. దగ్గరికి పోతే మూడు. ఒకదాన్నొకటి ఒరుసుకొని, మొత్తం మీద పావలా బిళ్ళతో మూసెయ్యచ్చు. నా ఐదేళ్ళ మొదటి స్థానాల్లో ఏ రోజూ నేను అంత చిన్న గ్రూప్ కొట్టలేదు. చుట్టకుదురు లేదు. నిద్ర లేదు. మూట నాదే. ఇక సరిపెట్టుకోవడానికి నా దగ్గర ఏదీ మిగల్లేదు.

స్కోప్ విప్పి చూశాం. వెనక పాదం కింద గాడిలో ఎండిన గంధం ఉంది. గోటి మందం కూడా లేదు. ఆ పొర స్కోప్ వెనకభాగాన్ని రవ్వంత పక్కకు నెట్టింది. నూరు మీటర్లకు పద్నాలుగు అంగుళాలు, నూట ఎనభైకి ఇరవై ఐదు. మూరన్నర దాకా. లెక్క సరిపోయింది. నేను ముందే చెప్పానని కమాండర్ ఒప్పుకొని కాగితం మీద సంతకం పెట్టాడు. నాకు ప్రశంస రాశారు.

అక్టోబర్ 27న ఉదయం పదింటికి క్యాంపు ఎత్తేశాం. అప్పటికి వానలు పట్టుకున్నాయి. లారీ టార్పాలిన్ కారుతోంది. షూటర్ నాకు ఎదురుగా కూర్చుంది. పుత్తూరు దగ్గర ఆగినప్పుడు టీ గ్లాసు ఇచ్చాను. తీసుకుంది. కార్వేటినగరం పోయే బస్సు ఎక్కడ ఆగుతుందని డ్రైవర్‌ను అడిగి, అక్కడే దిగిపోయింది. రాజీనామా తర్వాత పంపింది. మేం చిత్తూరు చేరేసరికి మధ్యాహ్నం రెండు.

ఇప్పుడు నాకు అరవై తొమ్మిది. రెండు కళ్ళకూ ఆపరేషన్ అయింది, దూరం బాగా కనిపిస్తుంది. ఆపరేటర్ సత్యవేడులో ఉంది. ఏడాదికోసారి పోయి చూసి వస్తాను. విరిగిన వెదురు గాని, ఆసుపత్రి గాని నాకు కలలో రావు. కళ్ళు మూసుకుంటే వచ్చేది ఆ కాగితమే. తెల్లటి అంచున ఆ మూడు రంధ్రాలు. వాటిలోంచి వెనకనున్న క్వారీ గోడ కనిపిస్తూ ఉంటుంది. చూసిన ప్రతిసారీ ముందు కలిగేది బాధ కాదు. అవి నావి కావే అనిపిస్తుంది. బాధ ఆ తర్వాత వస్తుంది.

ఆ డ్యూటీలో మా దళానికి పోయినవి ఇవి. వెదురు అడ్డకర్ర ఒకటి. లారీ ఒకటి, ఇంతవరకు దొరకలేదు. స్కోప్ రైఫిల్ ఒకటి, వెనక్కి తీసుకున్నారు. వైర్‌లెస్ ఆపరేటర్ కుడికాలు, మోకాలి కింద నుంచి. షూటర్ ఒకతె, వయసు ఇరవై నాలుగు. దళంలో ఆమెకన్నా బాగా కొట్టేవాళ్ళు లేరు. నన్ను కలుపుకొనే చెబుతున్నాను.